ఎనభై ఏడో నిమిషం

ఆ ఇటలీ సినిమా గొప్పదని ఒప్పుకోని మనిషి లేడు. దాన్ని చివరిదాకా చూసిన మనిషీ లేడు.

తీసి అరవై ఏళ్ళు దాటింది. అందులో ఒక ఆకుపచ్చ గోడ ఉంది. ఆ గోడ పక్కన ఒకావిడ నిలబడి ఉంటుంది. ఆ గోడా, ఆవిడా, ఆవిడ భుజం మీద పడే వెలుతురూ చూసి లోకం వెర్రెత్తిపోయింది. ప్రకటనలు తీసేవాళ్ళు అలాంటి గోడే కట్టించి దాని ముందు సబ్బు పెట్టారు. కాఫీ హోటళ్ళవాళ్ళు లోపలంతా అదే రంగు పూయించారు. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని అలాంటి గోడే వెతికి దాని పక్కన నిలబెట్టి, "కాస్త దిగులుగా చూడమ్మా" అనడం మొదలుపెట్టారు. పెళ్ళైన మర్నాడే ఆ పిల్లకి దిగులెందుకో ఎవరూ అడగలేదు.

ఈ సినిమాని ఇళ్ళల్లో చూసుకునే డిస్కుగా విడుదల చేసే అదృష్టం ఒక చిన్న కంపెనీకి పట్టింది. మూడో అంతస్తులో నాలుగు గదులు, ఒక కాఫీ మెషీను, మెట్లకడ్డంగా అట్టపెట్టెలు. పాత సినిమాల రీళ్ళు తెచ్చి, గీతలు తుడిచి, వెలిసిన రంగులు దిద్ది, అడుగున మాటలు వేసి అమ్మడం వాళ్ళ వ్యాపారం. కొనేవాళ్ళదొక తెగ. ఒక్కొక్కరూ రెండేసి కొంటారు. ఒకటి దాచుకోవడానికి, రెండోది ఆ మొదటిదానికి తోడుగా. దేనికీ పైనున్న ప్లాస్టిక్ కవరు విప్పరు. విప్పినవాణ్ణి తమలో కలవనివ్వరు.

ఆ కంపెనీలో రంగులు దిద్దే కుర్రాణ్ణి అందరూ "రంగులు" అనే పిలిచేవారు. అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. నాలుగు నెలలుగా ఆ గోడకేసి చూస్తూ కూర్చున్నవాడికి సొంత పేరు గుర్తుండకపోవడం వింతేమీ కాదు.

ఒక సోమవారం పొద్దున్న మేనేజరు ఆ కుర్రాడి గది తలుపు తోసుకుని వచ్చాడు. వెనకాల ఒక అమ్మాయి, చంకలో నిఘంటువు.

"ఈవిడ అక్షరాలు" అన్నాడు మేనేజరు. "ఇటలీ భాష వచ్చు. అడుగున మాటలన్నీ ఈవిడే వేస్తుంది. రంగులూ, అక్షరాలూ, ఇద్దరూ కలిసి పనిచేసుకోండి. నాకు మీటింగుంది."

ఆ మేనేజరుకి ఎప్పుడూ మీటింగే. ఎవరితోనో ఇంతవరకూ తెలియలేదు.

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుని, తను రాసుకొచ్చిన మాటలు తెరమీద వేసింది. గోడ కింద పసుపురంగు అక్షరాలు టపటపా పడ్డాయి. రంగులబ్బాయికి ఒళ్ళు మండింది.

"ఏంటండీ ఇది? గోడల మీద ఎన్నికల రాతలు రాసినట్టు."

"చదవడానికండీ. ఆవిడ ఏదో అంటోంది కదా."

"ఏమన్నా మనకెందుకు? ఆవిడ బాధంతా రంగులో ఉంది. ఆ ఆకుపచ్చలో ఒంటరితనం కనిపించట్లేదూ?"

"కనిపిస్తోంది" అంది అమ్మాయి. "మరి పాలు అయిపోయాయని కూడా అందులో కనిపిస్తోందా?"

"పాలేంటి?"

"ఆవిడ చెప్పేది అదే. 'పాలు అయిపోయాయి, వచ్చేటప్పుడు తీసుకురా' అంటోంది. వాళ్ళాయన సరేనని వెళ్ళాడు. ఇంకా రాలేదు."

ఆ సినిమాని రంగులబ్బాయి రెండొందలసార్లు చూశాడు. మాట వినిపించకుండా, అక్షరాలు కనిపించకుండా. రంగు దిద్దేవాడు అలాగే చూడాలని అతని నియమం. ఆవిడ కన్నీళ్ళ వెనక పాల సంగతి ఉందని ఇవ్వాళే తెలిసింది.

"మీరు చాలా చిన్న విషయంగా మార్చేశారు" అన్నాడు.

"నేను మార్చలేదండీ. ఇటలీలో కూడా పాలు పాలే."

ఆ రోజుకి యుద్ధం అక్కడ ఆగింది.

ఆ సినిమాలో ఎనభై ఏడో నిమిషం దగ్గర నుంచి పదకొండు నిమిషాలపాటు ఎవరూ ఒక్క ముక్క మాట్లాడరు. ఆవిడ గోడ పక్కన నిలబడి ఉంటుంది, పొద్దు మెల్లగా వాలుతూ ఉంటుంది, అంతే. లోకమంతా పొగిడే దృశ్యం అది. ఆఫీసులో మాత్రం దానికి వేరే ఉపయోగం ఉంది. మాటలు లేవు కాబట్టి అక్షరాల సైజూ, చోటూ, రంగూ అక్కడే పరీక్షించేవారు. "ఇది పరీక్ష వాక్యం" అని ఏదో ఒకటి వేసి చూసుకుని, ఆఖరి పరిశీలనకని చెక్ డిస్క్ చేసేముందు తుడిచేసేవారు.

అమ్మాయి మొదటి వారంలో అక్కడ వేసిన వాక్యం ఇది: "ఇది పరీక్ష వాక్యం. కనిపిస్తోందా?"

ఫైలు రంగులబ్బాయి దగ్గరికి వచ్చింది. గోడ మీద పసుపు ఎలా పడుతోందో చూడ్డానికి అతను ఆ ఒక్కచోట మాత్రం అక్షరాలు తెరిచి చూడక తప్పదు. కింద ఒక వాక్యం తగిలించి తిప్పి పంపాడు.

"కనిపించకపోతే బాగుండును."

మర్నాడు దాని కింద ఇంకోటి వచ్చింది. "మీ గోడ క్షేమంగానే ఉంది. ఇప్పుడే పలకరించి వచ్చాను."

అలా మొదలైంది. ఎదురుపడితే ఇద్దరూ పని గురించి తప్ప మాట్లాడరు. అదీ ముఖాలు ముడుచుకుని. ఫైలు మాత్రం రోజుకి రెండుసార్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళి వచ్చేది, వెళ్ళినప్పుడల్లా ఒక వాక్యం బరువెక్కి వచ్చేది.

"నిన్న కాఫీ మెషీను దగ్గర నన్ను చూసి అటు తిరిగారేం?"

"చేతిలో రెండు కప్పులున్నాయి. రెండోది మీకే. ఇద్దామా వద్దా అనుకుంటుంటే చల్లారిపోయింది."

"మరేం చేశారు?"

"రెండూ నేనే తాగాను."

ముప్పైయొకటో వాక్యం దగ్గర "మీరు" పోయి "నువ్వు" వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరూ గమనించనట్టే ఊరుకున్నారు.

"బయట వాన. గొడుగు తెచ్చావా?"

"లేదు. నువ్వు?"

"నేనూ తేలేదు. ఉంటే అడగాల్సిన పనేముంది?"

ఆ సాయంత్రం ఇద్దరూ మెట్ల కింద నిలబడి ముప్పావుగంట వాన చూశారు. ఒక్క మాట మాట్లాడుకోలేదు. రంగులబ్బాయికి ఆ వాన ఏ రంగులో ఉందో గుర్తులేదు. అతని జీవితంలో రంగు గుర్తులేని మొదటి సంగతి అది.

నాలుగు వారాలు గడిచేసరికి ఒక శుక్రవారం మేనేజరు తలుపు తోసి, "అక్షరాలు మానేస్తోంది. ఈ నెలాఖరుకి వేరే ఊళ్ళో ఉద్యోగం" అని చెప్పి మీటింగుకి వెళ్ళిపోయాడు.

రంగులబ్బాయి ఆమె గది గుమ్మం దాకా వెళ్ళాడు.

"వెళ్ళిపోతున్నావట."

"అవును. అక్కడ తీసేవి కొత్త సినిమాలట. వాటిల్లో మనుషులు మాట్లాడతారట" అంది అమ్మాయి కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా.

"మంచిది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. తన గదిలోకి వచ్చి, ఫైలు తెరిచి, ఆ పదకొండు నిమిషాల చివర్న, ఆవిడ నీడ గోడ దిగే చోట టైపు చేశాడు.

"వెళ్ళకు. గోడ చూడ్డంలో పడి మనిషిని ఆలస్యంగా చూశాను. నువ్వంటే నాకిష్టం."

తుడుద్దామని మూడుసార్లు వేలు పెట్టి, మూడుసార్లూ తీసి, కళ్ళు మూసుకుని పంపేశాడు.

సోమవారం అమ్మాయి అతని బల్ల మీద చెక్ డిస్క్ పెట్టింది. ఫ్యాక్టరీకి పంపేముందు ఇద్దరూ చూసి సంతకాలు పెట్టాల్సిన డిస్కు అది.

"జాగ్రత్తగా చూడు. ఎనభై ఏడో నిమిషం నుంచి మరీ జాగ్రత్తగా" అంది.

చెక్ డిస్క్ తయారైందంటే పరీక్ష వాక్యాలన్నీ తుడిచేసినట్టే లెక్క. అంటే ఈ అమ్మాయి తన మాట చదివింది, తుడిచింది, ఏమీ ఎరగనట్టు గోడ చూడమంటోంది. సరే, గోడే చూద్దామనుకున్నాడు రంగులబ్బాయి. నియమం ప్రకారం అక్షరాలు ఆపేసి, ఎనభై ఏడో నిమిషం నుంచి మునుపెన్నడూ చూడనంత జాగ్రత్తగా గోడని చూశాడు.

మధ్యాహ్నం ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చూశావా?"

"చూశాను."

"పూర్తిగా?"

"పూర్తిగా. బాగానే ఉంది. గోడ కింద ఎడమ మూల కాస్త మసకగా ఉంటే సరిచేశాను."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుంది?" అన్నాడు రంగులబ్బాయి. ఆ మాటలో తన బాధంతా పెట్టాననే అనుకున్నాడు.

అమ్మాయి కాగితం మీద అతని సంతకం పక్కన తనదీ పెట్టి, మిగిలిన సెలవులన్నీ ఇప్పుడే వాడుకుంటానని మేనేజరుకి చెప్పి, నిఘంటువు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. సంతకాలు రెండూ ఉన్నాయి కదా అని మేనేజరు, సరిచేసిన బొమ్మని చెక్ డిస్కులోని అక్షరాలకి అతికించి తనే స్వయంగా ఫ్యాక్టరీకి పంపాడు. ఆ కంపెనీలో ఆయన స్వయంగా చేసిన పని అదొక్కటే.

ఐదువేల డిస్కులు మార్కెట్లోకి వెళ్ళాయి. నాలుగు రోజుల్లో వెయ్యి ఫిర్యాదులు వచ్చాయి. గోడ రెండు పాళ్ళు పాలిపోయిందని ఒకరు, మూడు పాళ్ళు ముదిరిందని ఇంకొకరు. పరువుమర్యాదలు మరిచి తిట్టుకున్నారు. అందరూ తీర్పు చెప్పింది అట్టపెట్టె మీది బొమ్మని చూసే. పత్రికల్లో మూడు సమీక్షలు వచ్చాయి. మూడూ ఆ పదకొండు నిమిషాల మౌనాన్ని ఆకాశానికెత్తాయి.

ఆదివారం సాయంత్రం విడుదల సభ. ఆ మధ్యాహ్నం రంగులబ్బాయి ఇంట్లో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ముందు గదిలో వాళ్ళమ్మ కుట్టుమిషను పక్కకి జరిపి, కొడుకు తెచ్చిన డిస్కు కవరుని కత్తెరతో చరచరా కోసేసి, సినిమా పెట్టుకుని కూర్చుంది. బట్టలు కుట్టే మనిషి. ఏ పనైనా మొదలుపెడితే చివరి కుట్టు దాకా వెళ్ళాల్సిందే.

"ఒరేయ్, ఈవిడ గౌను అంచు ఊడిందిరా. ఎవరూ చెప్పలేదా?"

"అది ఒంటరితనమమ్మా."

"ఒంటరితనమైతే మాత్రం అంచు కుట్టుకోకూడదా?" కాసేపాగి మళ్ళీ పిలిచింది. "ఆ పాలేవో తనే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా. ఎంతసేపని గోడ పట్టుకుని నిలబడుతుంది?"

"అమ్మా, ఆ సీను కోసం జనం చచ్చిపోతారు. కాసేపు మాట్లాడకుండా చూడు."

"నేనెక్కడ మాట్లాడుతున్నాను, వాళ్ళే మాట్లాడుకుంటున్నారు. ఎవడో రెండు కప్పుల కాఫీ తనే తాగేశాడట. అచ్చం నీలాంటి సన్నాసే."

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. రంగులబ్బాయి ఒక్క ఉదుటున ముందు గదిలోకి వచ్చాడు. ఆకుపచ్చ గోడ కింద పసుపు అక్షరాల్లో గొడుగు సంగతి నడుస్తోంది. ఒక్కటొక్కటే అన్ని వాక్యాలూ పోయాయి. ఆవిడ నీడ గోడ దిగింది. అతని వాక్యం వచ్చింది. అక్కడితో అయిపోవాలి. కానీ దాని తర్వాత, అతనెన్నడూ చూడని ఒక వాక్యం వచ్చి నిలబడింది.

"ఈ మాట నోటితో చెప్పు. ఉండిపోతాను."

రంగులబ్బాయి గోడకి చేరగిలబడిపోయాడు. ఆమె తుడవలేదు. అతని కోసం ఉంచింది. జాగ్రత్తగా చూడమని చెప్పింది కూడా. అతను వెళ్ళి ఎడమ మూల మసక సరిచేశానన్నాడు.

"ఆ పిల్లెవర్రా?" అంది అమ్మ, సినిమా ఆపి.

"ఏ పిల్ల?"

"నాతోనా నీ నాటకాలు? 'ఇద్దామా వద్దా అనుకుంటుంటే చల్లారిపోయింది' అనేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి కన్నది నేనే."

చెప్పక తప్పలేదు. అమ్మ అంతా విని, లేచి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?"

"సభకి. ఆ పిల్ల వస్తుందా రాదా?"

"వస్తుంది. మేనేజరు రమ్మన్నాడు. రేపు పొద్దున్నే రైలు."

"పద మరి. చొక్కా మాడిపోయింది, వేరేది వేసుకో. పిల్ల నాకు నచ్చింది. జవాబు సూటిగా ఇచ్చింది."

వాళ్ళు వెళ్ళేసరికి సభ సగమైంది. హాలంతా నిండి ఉంది. వేదిక మీద విమర్శకుడొకాయన మాట్లాడుతున్నాడు. ఈ సినిమా మీద ముప్పై ఏళ్ళుగా బతుకుతున్న మనిషి. ఆయన వెనక తెరమీద ఆ పదకొండు నిమిషాలూ నడుస్తున్నాయి. తెర వైపు తిరిగి చూడాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ కలగలేదు.

"ఈ దృశ్యంలో దర్శకుడు మనకి ఒక్క మాట కూడా ఇవ్వలేదు" అన్నాడాయన.

వెనక తెరమీద "రెండూ నేనే తాగాను" అని పడింది. జనం నవ్వారు. తన మాటకే నవ్వారనుకుని విమర్శకుడు సంతోషించాడు.

"ఈ స్త్రీకి ఏం కావాలో మనకెన్నటికీ తెలియదు."

"గొడుగు తెచ్చావా?" అంది తెర.

మొదటి వరసలో మేనేజరు చెమటలు తుడుచుకుంటున్నాడు. అతని పక్క కుర్చీలో అమ్మాయి రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఒకసారి తెర చూసి, లేచి, వంగి వంగి తలుపు వైపు నడవడం మొదలుపెట్టింది. రంగులబ్బాయి కుర్చీల మధ్య దారిలో ఎదురుపడ్డాడు.

"తప్పుకో" అంది నెమ్మదిగా. "ఆ రోజు కోపంలో తుడవడం మరిచాను. అందరి ముందూ చాలా బాగుంది. ఇంకా ఏం చూడాలి?"

"నేను చూడలేదు."

"చూశానన్నావుగా."

"అక్షరాలు ఆపి చూశాను. నేనెప్పుడూ అలాగే చూస్తాను. నువ్వు తుడిచేశావనుకున్నాను. నీ మాట ఇవాళ మధ్యాహ్నం చదివాను, మా అమ్మ పక్కన కూర్చుని."

అమ్మాయి అతని ముఖంలోకి చూసింది. అతని వెనక నిలబడ్డ పెద్దావిడని చూసింది. ఆవిడ తల ఊపింది.

సరిగ్గా అప్పుడే తెరమీద నీడ గోడ దిగింది. "నువ్వంటే నాకిష్టం" వచ్చి వెళ్ళింది. "ఈ మాట నోటితో చెప్పు. ఉండిపోతాను" వచ్చి నిలబడింది. హాలంతా నిశ్శబ్దమైపోయింది. విమర్శకుడు కూడా ఆగిపోయాడు, తన వాగ్ధాటికి జనం చలించిపోయారని.

రంగులబ్బాయికి పని చెడుతుందేమో, ఉద్యోగం పోతుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. రేపు పొద్దున్న రైలు కదిలితే ఇక దిద్దడానికి ఏమీ మిగలదని రెండో క్షణంలో అనిపించింది.

"నువ్వంటే నాకిష్టం" అన్నాడు.

"వినపడలేదు" అన్నారెవరో వెనక వరసలోంచి.

"నువ్వంటే నాకిష్టం. వెళ్ళకు" అన్నాడు హాలంతా వినపడేట్టు.

"దయచేసి నిశ్శబ్దం" అన్నాడు విమర్శకుడు. "ఇది మౌన దృశ్యం."

చప్పట్లు మోగాయి. అవి ఎవరికోసమో తెలియక విమర్శకుడు మొదటిసారి వెనక్కి తిరిగి తెర చూశాడు. ఒక్క నిమిషం తడబడి, మళ్ళీ మైకందుకున్నాడు. ఆ అక్షరాలు స్త్రీ అంతరంగమనీ, ఇన్నాళ్ళూ లోకానికి దక్కకుండా పోయిన పొర అనీ, తను ఎప్పటినుంచో అనుమానిస్తూనే ఉన్నాననీ చెప్పాడు. కవరు విప్పని తెగవాళ్ళు లేచి, ఈ మాటలు మొదటి ఐదువేల డిస్కుల్లోనే ఉంటాయా అని అడిగారు. మేనేజరు చెమట తుడుచుకోవడం ఆపి, మొదటి ఐదువేలకే ప్రత్యేకమని గంభీరంగా ప్రకటించాడు. అందుకోసమే ఇన్ని మీటింగులు పెట్టానన్నాడు.

ఇవేవీ ఆ ఇద్దరి చెవిన పడలేదు. హాలు బయట వరండాలో నిలబడి ఉన్నారు. చింపిన రైలు టికెట్టు ముక్కలు రెండూ అమ్మాయి గుప్పిట్లో ఉన్నాయి.

"ఎడమ మూల మసక సరిచేశావా నిజంగా?" అంది.

"చేశాను."

"నేనడిగింది దాన్ని గురించనే అనుకున్నావా?"

"అవును."

"రెండొందలసార్లు చూసినవాడివి, ఇంకొక్కసారి అక్షరాలు తెరిచి చూస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఇకనుంచి అన్నీ తెరిచే చూస్తాను."

వెనకనుంచి వాళ్ళమ్మ వచ్చింది. అమ్మాయి కంగారుగా సర్దుకుని నిలబడింది. అమ్మకి ఆ కంగారు పట్టలేదు. ఆవిడకి ఇంకో సంగతి మధ్యాహ్నం నుంచీ తొలిచేస్తోంది.

"అమ్మాయ్, నిన్నొకటి అడగాలి. వీడి వల్ల సినిమా మధ్యలో ఆపేసి వచ్చాను. ఇంతకీ ఆ పాలు తెచ్చాడా లేదా వాళ్ళాయన?"

ఈ ప్రశ్న అరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. అమ్మాయి ముఖం విప్పారింది.

"తెచ్చాడండీ. ఆఖరి సీనులో. గుమ్మంలో పెట్టి, లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక, తలుపు కొట్టకుండానే వెళ్ళిపోతాడు."

అమ్మ కొడుకుని ఎగాదిగా చూసింది. "వీడే" అంది.

"కాదులెండి" అంది అమ్మాయి. "ఈయన తలుపు కొట్టారు."